పుట్టింటి ఇసుక

ఆ ఫిబ్రవరి నెలంతా ఉప్పుమొగ తీరంలో మేం మగపెళ్లివారి కోసం ఎదురుచూసే ఆడపెళ్లివాళ్లలా ఉన్నాం. షామియానాలు వేయించాం. నాలుగు కిలోమీటర్ల ఒడ్డునూ పుల్లా పుడకా లేకుండా ఏరించాం. వెలుతురుకి తాబేళ్లు బెదురుతాయని ఊళ్లో వీధి దీపాలు ఎనిమిదింటికల్లా ఆర్పించాం. "డాక్టర్ హైమవతి పద్ధతిలో ఊరు మారిన సముద్ర తాబేళ్ల తొలి రాక, 2044" అని పెద్ద బోర్డు కూడా పెట్టారు. నా పేరు అంతంత అక్షరాల్లో చూసి సిగ్గేసింది గానీ, తీసేయమని మాత్రం నేను అనలేదు.

పదహారేళ్ల కిందటి దాకా, మూడు సీజన్ల పాటు, ఈ ఒడ్డు నుంచి లక్షా డెబ్బయి వేల తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలాను. వెయ్యింటికి ఒకటో రెండో బతుకుతాయి. బతికిన వాటిలో ఆడవి ఈడొచ్చాక, ఏ మహాసముద్రంలో తిరుగుతున్నా, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఇసుకకే వస్తాయి. తొలికాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వచ్చినట్టే. నేను చేసిందల్లా ఆ పుట్టిల్లు మార్చడం. అవి నిజానికి పుట్టాల్సింది ఇక్కడికి ముప్పై కిలోమీటర్లు ఉత్తరాన ఉన్న గుల్లలపేటలో. ఇప్పుడక్కడ ఇసుక లేదు, పోర్టుంది. గుల్లలపేట అనేదొకటి ఉందన్న సంగతే తెలియక, ఉప్పుమొగే తమ ఊరనుకుని అవి ఇక్కడికి రావాలి. వస్తే నేను గెలిచినట్టు. రాకపోతే ఏమిటన్నది ఆలోచించడానికి నాకు పదహారేళ్ల టైము దొరికింది. ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

ఇరవై మూడో తారీఖు పొద్దున్నే ఫోన్ మోగింది. దానయ్య. గుల్లలపేట వాడు, ఇప్పుడు అదే చోట పోర్టు గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నాడు.

"మేడమ్, తాబేళ్లొచ్చినాయి."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. పోర్టు కాడికి. రాళ్లెక్కతన్నాయి. ఎక్కి పడిపోతన్నాయి. మీరు బేగి రండి."

బోర్డు పక్కనుంచే జీపు ఎక్కాను.

* * *

మొదట్లో నేను పోర్టుకి ఎదురు తిరిగినదాన్నే. అక్కడ తాబేళ్లు గుడ్లు పెడతాయి, కట్టొద్దని మూడు రిపోర్టులు రాశాను. మూడూ ఎవరి బల్లమీద టీ గ్లాసుల కిందకి పనికొచ్చాయో తెలియదు. చివరికి అనుమతుల కమిటీలో ఒక పెద్దమనిషి, పోట్లాడకుండా, చాలా మర్యాదగా అడిగాడు: "పోర్టు ఎలాగూ ఆగదమ్మా. ఈ తాబేళ్లు వేరే చోటికి వెళ్లేలా చెయ్యలేరా?" శాస్త్రవేత్తని తిట్టి లొంగదీయలేరు. మంచి ప్రశ్న ఒకటి ముందు పడేస్తే చాలు, చేప ఎరని చూసినట్టు చూస్తాం. నేనూ అలాగే చూశాను.

గుడ్డులోంచి బయటపడ్డ తాబేలు పిల్ల మొదటి మూడు రోజుల్లో రెండు సంగతులు నేర్చుకుంటుంది. ఒకటి, ఆ చోట భూమికుండే అయస్కాంతపు లాగుడు. రెండు, ఆ ఇసుకా నీళ్ల వాసన. మూడో రోజు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది, ఇక చచ్చేదాకా తెరుచుకోదు. తలుపు మూసే పదార్థమేదో నేను కనిపెట్టాను. దాన్ని తొమ్మిది రోజులు ఆపి ఉంచే మందునూ తయారుచేశాను. ఉప్పుమొగ ఒడ్డున షెడ్డు వేసి ముప్పై తొట్లు కట్టించి, చుట్టూ రాగితీగ చుట్టి, ఆ తీగల్లో కరెంటుతో ఉప్పుమొగ లాగుడుని ఇంకా గట్టి చేశాం. కానీ ఆ తీగచుట్టలు చెప్పగలిగేది జిల్లా పేరే. ఇంటి తలుపు ఏదో వాసనే చెప్పాలి. అందుకని ఉప్పుమొగ ఇసుకే అడుగున పరిచి, ఉప్పుమొగ నీళ్లే పోశాం. గుల్లలపేటలో గుడ్లు తవ్వి తెచ్చి, పిల్లలు పెంకు చీల్చుకునే వేళకి వాటిని తొట్లో వేసి, మందు చుక్కలు వెయ్యడం మా పని.

మొదటి విడత మూడు వందల పిల్లల్ని వేశాం. ఆరో రోజుకి నలభై మిగిలాయి. రెండో విడతా అంతే. పొద్దున్నే షెడ్డు తలుపు తీసేసరికి నీళ్ల మీద తేలుతూ ఉండేవి, రూపాయి బిళ్లంత డొప్పలు, తెల్లటి పొట్టలు పైకి. నీళ్లలో సూక్ష్మజీవులున్నాయేమోనని ఇంకా మెత్తటి గుడ్డతో వడకట్టించాను, అతినీలలోహిత దీపాల కింద క్రిముల్ని చంపించాను, ఇసుకని కడిగి, మూకుడులో వేయించినట్టు వేయించి మరీ పరిచాను. అయినా చచ్చాయి.

ఏప్రిల్ తొమ్మిదిన తొట్లు కడిగే పనికి కొర్లమ్మ చేరింది. దానయ్య తల్లి. అప్పటికి నలభై అయిదేళ్లుంటాయి. గుల్లలపేట ఇసుకలో కర్ర గుచ్చి చూసి, కింద గుడ్లున్నాయో లేదో చెప్పగల మనిషి. తాబేలు వలలో పడితే దణ్ణం పెట్టి వదిలేసే ఇల్లు వాళ్లది. మొదటి బస్సుకి వచ్చేది, నేను షెడ్డులోకి రాకముందే సగం పని అయిపోయేది. నేను ఆ వైపు అలవాటు ప్రకారం అక్కని పిలిచినట్టే "అప్పా" అని పిలిచేదాన్ని. ఆమె మా తొట్లకి "పుట్టింటి తొట్లు" అని పేరు పెట్టింది. నాకది బాగా నచ్చి ఢిల్లీలో కూడా చెప్పాను.

ఆమె వచ్చిన నాలుగో రోజుకి చావులు సగమయ్యాయి. పదో రోజుకి ఆగిపోయాయి. ఆ వారంలోనే నేను వడపోత గుడ్డ మార్చాను. అంచేత వడపోతదే గొప్పని పేపరు రాశాను. ఆ పేపరుకి బంగారు పతకమొచ్చింది.

* * *

పోర్టు గోడ దగ్గరికి వెళ్లేసరికి ఎండ ఎక్కుతోంది. గోడ అంటే గోడ కాదు, అలల దెబ్బకి అడ్డంగా పేర్చిన నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మలు, ఒకదానిమీద ఒకటి, కిలోమీటరున్నర పొడుగు. వాటిమీద తాబేళ్లు.

మామూలు తాబేలు రాయి తగిలితే వెనక్కి తిరుగుతుంది. పోర్టు కట్టిన కొత్తలో పాత తల్లులు అలాగే వచ్చి, చూసి, గుడ్లు నీళ్లలోనే వదిలేసి పోయాయి. రెండేళ్లకి రావడం మానేశాయి. ఆ తరం పోతుందని మేం ముందే రాసుకున్నాం, దానికి "అంగీకరించదగిన నష్టం" అని పేరు. కానీ ఈ తాబేళ్లు వెనక్కి తిరగడం లేదు. నలభై కిలోల ఒళ్లుని రెక్కలతో ఈడ్చుకుంటూ దిమ్మ ఎక్కుతున్నాయి, జారి దిమ్మకీ దిమ్మకీ మధ్య సందులో పడుతున్నాయి, లేస్తున్నాయి, మళ్లీ ఎక్కుతున్నాయి. కొన్ని వెల్లకిలా పడి గాల్లో ఈదుతున్నాయి. రెక్కల కింద చర్మం చీరుకుపోయి ఉంది. ఒకటి ఇసుక తవ్వుతున్నట్టే వెనక రెక్కలతో కాంక్రీటుని గీకుతోంది. గీకి, గీకి, అక్కడే గుడ్లు పెట్టింది. గుడ్లు ఒక్కొక్కటే దొర్లి కింద పగిలాయి. కాకులకి కబురు ముందే అందింది.

దానయ్య, ఇంకో ఇద్దరు తాళ్లు కట్టి ఒకదాన్ని పైకి లాగి, దూరంగా మోసుకెళ్లి నీళ్లలో వదిలారు.

"మూడోపాలి మేడమ్ దీన్ని ఒగ్గడం," అన్నాడు దానయ్య, ఆయాసంతో. "మల్లీ ఇటే వొస్తాది. సూడండి."

చూశాను. ఇటే వచ్చింది.

పిల్లల్ని వదిలేముందు ఒక్కోదాని వెనక రెక్కలో బియ్యపు గింజలో సగమంత గుర్తింపు చిప్పు పెట్టాం. స్కానర్ తీసి దానికి దగ్గరగా పెట్టాను. కీచుమని మోగింది. తెరమీద నంబరు పడింది, నా నంబరు, రెండో సీజన్, పదిహేడో తొట్టి. పక్కదానికి పెట్టాను, అదీ మోగింది. మధ్యాహ్నానికి అరవై నాలుగు మోగాయి. మోగనిది ఒక్కటీ లేదు. అవి వెనక్కి తిరగకపోవడానికి కారణం కూడా అప్పటికి అర్థమైంది. తలుపుని తొమ్మిది రోజులు తెరిచి ఉంచింది నా మందు. ఆ తొమ్మిది రోజుల్లో లోపలికి వెళ్లింది మామూలు గుర్తు కాదు, చెరగని గుర్తు. నా పద్ధతి పనిచేసింది. మామూలుగా కాదు, నేను అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. కాకపోతే ఊరు తప్పింది.

పోర్టు పర్యావరణ విభాగం మేనేజరు చక్రధర్ హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. నెమ్మదస్తుడు, పరుషంగా ఒక మాట అనడు.

"డాక్టరుగారూ, ఇవి మన తాబేళ్లేనా?"

'మన' అన్న మాట ఆయన నోట విని నాకు ఒళ్లు మండింది. కానీ అబద్ధం కాదు. ఆయనవీ, నావీ.

"మనవే," అన్నాను. "ఇక్కడ ఒక పక్కనైనా ఇసుక పోయించండి. కనీసం రెండొందల గజాలు."

"ఓడల దారి కదండీ. పైకి రాస్తాను. చూద్దాం," అన్నాడు.

* * *

గుల్లలపేట వాళ్లని పదకొండు కిలోమీటర్లు లోపలికి, జీడితోటల మధ్య కొండవాలులో కట్టిన కాలనీకి తరలించి పదిహేనేళ్లయింది. దానికి ముందు ఊళ్లో మీటింగు పెట్టారు. వేదికమీద నన్నూ కూర్చోబెట్టారు. ఒక అధికారి నా రిపోర్టు చదివి, కాగితం మడిచి, మైకులో అన్నాడు: "చూశారా, తాబేళ్లే ఊరు మారడానికి ఒప్పుకున్నాయి. మీరు మనుషులు, చెబితే అర్థం చేసుకుంటారు." జనం నవ్వారు. అందరూ నవ్వారని నేనూ నవ్వాను. ఆ ఫోటో పేపర్లో వచ్చింది. ఇప్పటికీ ఎక్కడైనా కనిపిస్తే తల తిప్పేసుకుంటాను.

కొర్లమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. వేళ్లతోనే చూస్తుంది.

"ఎవులు?"

"నేనప్పా. హైమని."

"ఓలమ్మ. ఇన్నాల్లకి దారి కనబడిందేటి తల్లీ. కూకో."

కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నమాటే చెప్పాను. "తాబేళ్లు వచ్చాయప్పా."

చింతపండు పక్కన పెట్టింది. "ఎక్కడికి?"

"గుల్లలపేటకి."

ఆ ముఖం విప్పారిన తీరు నేను మరిచిపోలేను. పళ్లు సగం లేవు, ఆ నోటితోనే నవ్వింది. "వొస్తాయి. రాక ఏటి సేస్తాయి. నానెట్టిన ఇసక ఒట్టినే పోద్దేటి."

"ఏ ఇసుక?"

"సెప్తే తిడతావని అప్పుడు సెప్పనేదు. ఇప్పుడు తిట్టినా పర్నేదు." నా మోచెయ్యి తడిమి పట్టుకుంది. "పిల్లలు సచ్చిపోతంటే నీకు బువ్వ దిగీది కాదు. నాను సూడనేదేటి? నీ నీల్లు సుబ్బరంగా ఉన్నాయి గానీ ఆటికి పడనేదు తల్లీ. కొత్త ఊరు, కొత్త నీల్లు. మా కాడ ఆడపిల్లని అత్తోరింటికి అంపితే కొంగున పుట్టింటి ఇసక ముడేసి అంపుతాం. అక్కడ నీల్ల బిందిలో చిటికెడు ఏత్తే ఆ ఊరి నీల్లు పడతాయి. నేకపోతే జొరమొస్తాది, కడుపు తిప్పుద్ది. మనుసులకే అలగుంటే, పొద్దున్న పుట్టిన పసిగుంటలు, ఆటికెలగుంతాది?"

"తొట్లో వేశావా?"

"పెద్ద తొట్టిలో. దాంట్లోంచే గదా అన్నిటికీ నీల్లు పోతాయి. బస్సెక్కకముందు మా ఒడ్డుకెల్లి పిడికెడు తడి ఇసక కొంగున కట్టుకొచ్చీదాన్ని. నువ్వు రాకముందే ఒగ్గేసీదాన్ని. దినామూ. మూడేళ్లూ. మూడో నాటికే పిల్లలు తేరుకున్నాయి. ఆ దినం నువ్వు నవ్వినావు. నాకు గుర్తే."

నాకూ గుర్తే. వడపోత గుడ్డ పట్టుకుని నవ్వాను.

అడుగున ఎలాగూ ఇసుక పరిచి ఉంది. ఇసుకలో ఇసుక, ఎవరు పట్టుకుంటారు? నేను పోసింది చంపిన నీళ్లు, పరిచింది వేయించిన ఇసుక. వాటిలో ఉప్పుమొగ వాసన ఏ మూలో మిగిలి ఉంటే ఉండొచ్చు. ఆమె కొంగున వచ్చింది అప్పుడే అల తడిపిన, ప్రాణమున్న గుల్లలపేట ఇసుక. అందులోని కంటికి కనబడని జీవులు తొట్లోని మురికిని తిని పిల్లల్ని బతికించాయి. దాని వాసనే వాటి తలకెక్కింది. ఆమె వెయ్యకపోతే ఆ లక్షా డెబ్బయి వేలూ తొట్లోనే చచ్చేవి. వేసింది కాబట్టి ఇప్పుడు రాళ్లమీద చస్తున్నాయి. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటీ ఆమెకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"మీరు ఇక్కడికి వచ్చినప్పుడు తెచ్చుకోలేదా ఇసుక?" అని మాత్రం అడిగాను.

"తెచ్చుకోకేటి. తలో మూట తెచ్చినాం. బోరింగులో ఎంతని ఏత్తాం?" అంది. చింతపండు మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఒక్కపాలి నన్ను తీసుకెల్తావా తల్లీ? కల్లు నేవు గానీ, సేత్తో ముట్టుకుంటాను," అంది.

రేపు చూద్దామన్నాను. మర్నాడు వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు.

* * *

చక్రధర్ నన్ను పోర్టు గెస్టుహౌసుకి పిలిచి టీ ఇచ్చాడు. గోడమీద తీరం పటం ఉంది. దానిమీద అయిదు ఎర్ర చుక్కలు.

"మీకు తెలుసు కదండీ, ఇంకో అయిదు రేవులు. అయిదూ తాబేళ్ల ఒడ్లే. అన్నిటికీ మీ పద్ధతి ఆధారంగానే అనుమతులు అడిగారు. ఇప్పుడు కమిటీ రెండే ప్రశ్నలు వేస్తుంది. పద్ధతే తప్పా, లేక అమలులో ఎవరైనా పొరపాటు చేశారా?"

"తేడా ఏమిటి?"

"చాలా ఉంది. పద్ధతి తప్పయితే అయిదూ ఆగిపోతాయి. పొరపాటయితే దాన్ని సరిచేసుకుని ముందుకు వెళ్లొచ్చు. మీ పేరూ నిలబడుతుంది." టీ గ్లాసు కింద పెట్టాడు. "కూలీలెవరో ఏదో కలిపి ఉండొచ్చు. మీ నోట్సులు చూడండి. సోమవారం బయటినుంచి ఒక నిపుణుడు వస్తాడు, ఆయనకీ అవి ఇవ్వాలి."

ఆయన చెడ్డవాడని నేననను. మనస్ఫూర్తిగా నాకు మేలే కోరాడు.

ఇంటికెళ్లి ట్రంకుపెట్టె దించి నోట్సులు తీశాను. ఒక పుస్తకంలో రోజువారీ చావులు. ఇంకో పుస్తకంలో హాజరు. పక్కపక్కన పెడితే చదువుకోనివాడికైనా తెలుస్తుంది. ఏప్రిల్ తొమ్మిది నుంచి చావులు తగ్గాయి. మే నెలలో చెల్లెలి కూతురి పెళ్లికని కొర్లమ్మ అయిదు రోజులు రాలేదు. ఆ అయిదు రోజులూ చావులు పెరిగాయి. పదహారేళ్లు ఆ రెండు పుస్తకాలూ ఒకే పెట్టెలో ఉన్నాయి, నేను పక్కపక్కన పెట్టి చూడలేదు. కూలీల హాజరుకీ విజ్ఞానానికీ ఏం సంబంధమనుకున్నాను.

ఆ నిపుణుడు చూస్తాడు. చూసి కాలనీకి వెళ్లి అడుగుతాడు. కొర్లమ్మ దాచదు. నాతో చెప్పినట్టే నవ్వుతూ చెబుతుంది. అప్పుడు పద్ధతి నిర్దోషి అవుతుంది. ఇంకో అయిదు ఒడ్లమీద రాళ్లు పడతాయి. ఇంకో అయిదు ఊళ్లకి "తాబేళ్లే ఒప్పుకున్నాయి" అని మైకులో చెబుతారు. నిజం చెబితే ఇదీ జరిగేది. ఇరవై ఏళ్లు నిజం కోసమే బతికానని చెప్పుకున్నదాన్ని, ఆ నిజం చూసి భయపడ్డాను.

* * *

మూడోనాడు సాయంత్రం దానయ్యే తల్లిని ఆటోలో తీసుకొచ్చాడు. నేను తీసుకెళ్లకపోయినా వాళ్లు ఆగేట్టు లేరు. గేటు దగ్గర వాడి డ్యూటీయే కాబట్టి ఎవరూ ఆపలేదు.

సముద్రం హోరు వినగానే కొర్లమ్మ చెప్పులు విడిచింది. ఇసుకలో నడుద్దామని. కాళ్ల కింద ఇసుక లేదు, సిమెంటు రోడ్డు. దానయ్య భుజం పట్టుకుని దిమ్మల దాకా నడిచింది. ఆ రోజు వచ్చినవాటిలో ఒకటి దిమ్మల అంచున పడి ఉంది, ఇంకా ఊపిరుంది. దాని దగ్గర కూర్చోబెట్టాం. డొప్పమీద చెయ్యి వేసి, మెడ దాకా తడిమింది. "ఎంత పెద్దదయినాదో," అంది. "నీ పిడికిట్లో పట్టీది."

తర్వాత రెక్క తడిమింది. రక్తం వేళ్లకి తగిలింది. వేళ్లు వాసన చూసుకుంది. పక్కకి చెయ్యి చాపి దిమ్మని తడిమింది. అటువైపు, ఇటువైపు. కూర్చున్నచోటి నుంచి ఎంత దూరం చెయ్యి అందితే అంత దూరం తడిమింది.

"ఇసకేదిరా?"

దానయ్య తల్లి పక్కనే చతికిలబడ్డాడు. తల్లి ఇన్నేళ్లలో ఒక్కసారైనా పోర్టు చూడ్డానికి రాలేదు, వాడూ చెప్పలేదు. ఓడలు పక్కన ఆగుతాయని, ఒడ్డు ఒడ్డులాగే ఉంటుందని ఆమె అనుకుంది.

"అంతా రాయేటి?"

"అంతా రాయేనే అమ్మా."

చాలాసేపు ఆ తాబేలు మీద చెయ్యి తియ్యలేదు. అది ఒకసారి పెద్దగా ఊపిరి తీసింది.

"పుట్టింటికి రమ్మని సెప్పినాను గానీ," అంది కొర్లమ్మ, "ఇల్లు నేదని సెప్పనేదు తల్లీ."

నేను ఆమె పక్కన రాయిమీద కూలబడ్డాను. "అప్పా, ఇల్లు తీసేసిన కాగితం మీద సంతకం నాది. నీ తప్పేం లేదు."

"తెలుసు," అంది, నెమ్మదిగానే. "ఊరందరికీ తెలుసు. నీకే తెల్దనుకున్నాం."

తిట్టి ఉంటే బాగుండేది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు. రక్తమున్న వేళ్లని చీర కుచ్చిళ్లకి తుడుచుకుని, "దీన్ని నీల్లలో ఒగ్గండిరా," అంది. వదిలాం. అది మళ్లీ మా వైపే తిరిగింది. ఆమెకి కనబడదు కాబట్టి ఆ మాట ఎవరం చెప్పలేదు.

* * *

ఆ ఏడాది మొత్తం నూట ముప్పై ఒకటి వచ్చాయి. తొంభై రెండు చచ్చాయి. మిగిలినవి వచ్చే ఏడాది వస్తాయి, ఆపై ఏడాదీ వస్తాయి, ప్రాణమున్నంతకాలం వస్తాయి. ఉప్పుమొగలో షామియానాలు విప్పేశారు.

కమిటీకి నేను ఆ వారంలోనే రాసిన రిపోర్టు ఒక పేజీ. "ఈ పద్ధతి పనిచేయదు. సముద్ర తాబేళ్లకు పుట్టిన చోటును మరిపించడం సాధ్యం కాదు. 2028లో నేను ప్రకటించిన ఫలితాలు తప్పు. అమలులో ఎవరి పొరపాటూ లేదు." చదివే ప్రతివాడికీ అది ఒప్పుకోలులా ఉంటుంది. నాలుగు వాక్యాలూ అబద్ధాలే. ఆ తర్వాత పతకం వెనక్కి ఇమ్మని ఉత్తరం వచ్చింది, ఇచ్చేశాను. చక్రధర్ ఫోన్ చేసి, "మీరింత తొందరపడతారనుకోలేదండీ," అన్నాడు. అయిదు రేవుల అనుమతులు ఆపారు. రద్దు చెయ్యలేదు, ఆపారు. సోమవారం నిపుణుడు రావడం మాత్రం ఆపలేదు.

దానికి ముందురోజు, ఆదివారం పొద్దున్న, ట్రంకుపెట్టె జీపులో వేసుకుని కాలనీకి వెళ్లాను. కొర్లమ్మ పెరట్లో కట్టెల పొయ్యి ముట్టిస్తోంది.

"అప్పా, రేపో ఎల్లుండో ఒకాయన వస్తాడు. తొట్లలో ఏం చేశావని అడుగుతాడు. ఇసుక మాట చెప్పకు."

"ఏల?"

చెప్పాను. అయిదు ఊళ్ల సంగతి, మైకు సంగతి, అన్నీ చెప్పాను. నిజం తెలిస్తే ఏమవుతుందో చెప్పాను. అంతా విని పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

"నా బతుక్కి నాను సేసిన మంచి పని అదొక్కటేనని అనుకున్నాను," అంది. "అదీ సెప్పుకోకూడదేటి."

పెట్టె తెరిచాను. ఆమె పొయ్యి దగ్గర, నేను పెట్టె దగ్గర కూర్చున్నాం. ఇరవై ఏళ్ల పుస్తకాలు. నేను చింపి ఇస్తుంటే ఆమె వేడిని బట్టి చోటు చూసుకుని ఒక్కో కట్టా పొయ్యిలోకి తోసింది. మందు తయారీ వెళ్లింది. తీగచుట్టల లెక్కలు వెళ్లాయి. చావుల పుస్తకం వెళ్లింది. పొయ్యిమీద గిన్నెలో నీళ్లు కాగుతున్నాయి.

"ఇందల నా పేరుందేటి?"

"ఉంది. హాజరు పుస్తకంలో. వచ్చిన ప్రతిరోజూ నీ వేలిముద్ర."

"ఎన్ని దినాలు?"

"రెండొందల పధ్నాలుగు."

చెయ్యి చాపింది. పుస్తకం ఇచ్చాను. తెరిచిన పేజీమీద బొటనవేలు పెట్టి, పై నుంచి కిందిదాకా మెల్లగా జరిపింది, సిరా ఉబ్బు ఏమైనా తగులుతుందేమోనని. పదహారేళ్ల కిందటి సిరా, ఏం తగలలేదు.

"ఇది ఆకర్న ఏద్దాం," అంది.

ఆఖర్నే వేశాం. అట్ట మందం, కాలడానికి కాస్త టైం పట్టింది. ఆ మంటమీదే టీపొడి వేసి, రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి నా వైపు తోసింది. బోరింగు నీళ్లు, టీ చప్పరించగానే ఉప్పు తగిలింది. ఆమె ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది.

"పదిహేనేళ్లయినాది," అంది. "ఈ నీల్లు నాకు పడనేదు తల్లీ."

నేను నా గ్లాసు అడుగుదాకా తాగాను.